మైక్రోకంట్రోలర్ బోర్డుకు పెన్‌డ్రైవ్ కలపడం: ఎస్‌టీఎం32ఎఫ్407 మీద మొదటి నుంచి చివరిదాకా

డెమో బోర్డుకు పెన్‌డ్రైవ్ గుచ్చి, ఒక టెక్స్ట్ ఫైలు రాసి, ల్యాప్‌టాప్‌లో తెరిచి చూసుకోవడానికి ఒక పూట చాలు. అదే బోర్డును నెట్ అందని కోల్డ్ స్టోరేజీ గోడకు బిగించాక పరిస్థితి వేరు. ఎవరో వచ్చి, కాపీ సగంలో ఉండగానే పెన్‌డ్రైవ్ పీకేసి వెళ్లిపోయినా డేటా పోకూడదు, బోర్డు బిగుసుకుపోకూడదు. ఈ మార్గదర్శి అక్కడిదాకా వెళ్లాలనుకునేవారికి. ఉదాహరణగా ఉష్ణోగ్రతలు నమోదు చేసే లాగర్‌ను తీసుకుందాం. అది 10 సెకన్లకొకసారి 60 బైట్ల వరుస ఒకటి రాస్తుంది, అంటే రోజుకు 5,18,400 బైట్లు. బోర్డు ఎస్‌టీఎం32ఎఫ్4 డిస్కవరీ, చిప్ ఎస్‌టీఎం32ఎఫ్407వీజీ, లైబ్రరీలు చిప్ తయారీదారు ఎస్‌టీ వారి యూఎస్‌బీ హోస్ట్, డ్రైవ్‌లో ఫైళ్లు చదివి రాసే ఫ్యాట్‌ఎఫ్‌ఎస్.

మీ చిప్ హోస్ట్ కాగలదా

యూఎస్‌బీ ఉన్న ప్రతి చిప్పూ పెన్‌డ్రైవ్‌ను నడపలేదు. పెన్‌డ్రైవ్ ఒక డివైస్. దాన్ని అడిగి పని చేయించుకునే హోస్ట్ అవతల ఉండాలి. ఎస్‌టీఎం32ఎఫ్103లో ఉన్నది డివైస్ భాగం మాత్రమే. ఆర్డుయినో లియొనార్డోలోని ఏటీమెగా32యూ4దీ అదే సంగతి. ఈఎస్‌పీ32-సీ3లోని యూఎస్‌బీ సీరియల్, జేట్యాగ్ (డీబగ్ చేసే మార్గం) పనులకే పనికొస్తుంది. వీటికి ఎంత కోడ్ రాసినా పెన్‌డ్రైవ్ కనబడదు. ఈఎస్‌పీ32-ఎస్3, ఆర్‌పీ2040, ఓటీజీ (హోస్ట్, డివైస్ రెండూ కాగల యూఎస్‌బీ భాగం) ఉన్న ఎస్‌టీఎం32లు హోస్ట్ కాగలవు. కాబట్టి బోర్డు కొనకముందే డేటాషీట్‌లో "హోస్ట్" అన్న మాట ఉందో లేదో చూసుకోండి.

చిప్ మార్చే వీలు లేకపోతే సీహెచ్376 అనే తోడు చిప్ ఉంది. ఎస్‌పీఐ (చిప్‌లు మాట్లాడుకునే తీగల వరుస) మీదో సీరియల్ పోర్టు మీదో "ఫైలు తెరువు, రాయి, మూసెయ్" అని ఆదేశాలిస్తే చాలు. యూఎస్‌బీ, డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే ఫ్యాట్12, ఫ్యాట్16, ఫ్యాట్32 పద్ధతులు అన్నీ అదే చూసుకుంటుంది. చిన్న 8 బిట్ బోర్డులకు ఇది మంచి దారి. కాకపోతే ఏదైనా పెన్‌డ్రైవ్ మొండికేస్తే లోపల ఏం జరుగుతోందో చూడటానికి కిటికీ ఉండదు. లినక్స్ నడిచే బోర్డయితే డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉంటాయి. అది వాడేవాళ్లకు ఈ వ్యాసంలో పనికొచ్చేవి కరెంటు భాగం, కాపీ క్రమం, పరీక్షలు.

కరెంటు: సగం ఫిర్యాదుల మూలం ఇక్కడే

పెన్‌డ్రైవ్‌కు 5 వోల్టులు మీ బోర్డే ఇవ్వాలి. చదివేటప్పుడు తక్కువ లాగే డ్రైవే రాసేటప్పుడు, లోపలి ఫ్లాష్‌ను చెరిపేటప్పుడు ఎక్కువ లాగుతుంది. లెక్క వేసేటప్పుడు 500 మిల్లీ ఆంపియర్లు పక్కన పెట్టండి. "నా దగ్గరున్న డ్రైవ్ 80 మాత్రమే లాగుతోంది" అని 150కి సరిపెడితే, వాడేవాళ్లు తెచ్చే డ్రైవ్ ఆ లెక్కను తప్పిస్తుంది.

5 వోల్టుల లైనును నేరుగా సాకెట్‌కు కలపకండి. మధ్యలో కరెంటు పరిమితి ఉన్న పవర్ స్విచ్ చిప్ పెట్టండి. ఎనేబుల్ పిన్ హై అయితే వెలిగేది కావాలంటే టీపీఎస్2051, లో అయితే వెలిగేది కావాలంటే టీపీఎస్2041. డిస్కవరీ బోర్డులో ఎస్‌టీఎంపీఎస్2141 ఉంది. దాని ఎనేబుల్ పీసీ0కు కలిసి ఉంటుంది, పీసీ0 లో అయితేనే సాకెట్‌కు 5 వోల్టులు వస్తాయి. కరెంటు మితిమీరితే పీడీ5 లో అవుతుంది, ఎర్ర ఎల్‌ఈడీ వెలుగుతుంది. ఈ స్విచ్ వల్ల ఇంకో లాభం ఉంది. మొండికేసిన డ్రైవ్‌ను కరెంటు తీసి మళ్లీ ఇచ్చి దారికి తేవచ్చు. ఇది ఫర్మ్‌వేర్ చేతిలో ఉన్న గట్టి ఆయుధం.

స్విచ్ తర్వాత, సాకెట్ పక్కన 120 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాలి. యూఎస్‌బీ ప్రమాణం హోస్ట్ వైపు అడిగే కనీసం అది. డివైస్ వైపు గరిష్ఠం 10 మైక్రోఫారడ్. ఎందుకో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. మీ వైపు 10 మాత్రమే ఉందనుకోండి. ఖాళీ 10తో ఉన్న డ్రైవ్ గుచ్చిన క్షణంలో ఛార్జ్ సగం సగం పంచుకుని, సప్లై అందుకునేలోపు లైను 2.5 వోల్టుల వైపు జారుతుంది. అదే 120 ఉంటే 120ని 130తో భాగించినంత, అంటే 4.6 వోల్టుల దగ్గర ఆగుతుంది. "డ్రైవ్ గుచ్చగానే బోర్డు రీసెట్ అవుతోంది" అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. 3.3 వోల్టుల రెగ్యులేటర్ కూడా అదే 5 వోల్టుల మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి లైను జారితే చిప్ కూడా పడిపోతుంది.

ఆ కెపాసిటర్‌కు సమాంతరంగా 1 కిలో ఓమ్ రెసిస్టర్ కూడా పెట్టండి. లేకపోతే స్విచ్ ఆపినా 120 మైక్రోఫారడ్‌లో ఛార్జ్ మిగిలిపోతుంది, డ్రైవ్ పూర్తిగా ఆరిపోదు, మళ్లీ ఇచ్చినప్పుడు పాత స్థితిలోనే లేస్తుంది. 1 కిలో ఓమ్‌తో 0.6 సెకన్లలో ఖాళీ అవుతుంది. ఖర్చు 5 మిల్లీ ఆంపియర్లు. బ్యాటరీ మీద నడిచే యంత్రమైనా, డ్రైవ్ పెట్టినప్పుడే స్విచ్ వేస్తారు కాబట్టి అది లెక్కలోకి రాదు.

డిస్కవరీ బోర్డు వాడేవారికి ఒక హెచ్చరిక. ప్రోగ్రామ్ చేసే కేబుల్ నుంచి వచ్చే 5 వోల్టులు ఒక డయోడ్ దాటి వస్తాయి. కాబట్టి సాకెట్ దగ్గర 5 కన్నా తక్కువే ఉంటుంది. రాసేటప్పుడు మాత్రమే డ్రైవ్ మాయమవుతుంటే కోడ్ తిరగేసే ముందు సాకెట్ దగ్గర మీటర్ పెట్టండి. చివరి పరీక్షలు పీసీ కేబుల్ తీసేసి, 5వీ పిన్నుకు బయటి సప్లై ఇచ్చి చేయండి.

తీగలు

పీఏ11 డీ మైనస్, పీఏ12 డీ ప్లస్. టైప్-ఏ సాకెట్‌లో వరుసగా 1 వీబస్ (5 వోల్టుల లైను), 2 డీ మైనస్, 3 డీ ప్లస్, 4 గ్రౌండ్. హోస్ట్ వైపు ఉండాల్సిన 15 కిలో ఓమ్ పుల్‌డౌన్లు (గీతను గ్రౌండ్ వైపు లాగే రెసిస్టర్లు) చిప్ లోపలే ఉన్నాయి, బయట పెట్టనక్కర్లేదు. పాత సర్క్యూట్లలో కనబడే 22 ఓమ్ సిరీస్ రెసిస్టర్లు కూడా ఈ చిప్‌కు అవసరం లేదు. పెట్టాల్సింది ఈఎస్‌డీ రక్షణ, అంటే స్థిర విద్యుత్ దెబ్బ నుంచి కాపు. యూఎస్‌బీఎల్‌సీ6-2 లాంటిది సాకెట్‌కు ఆనుకుని ఉండాలి, చిప్ దగ్గర కాదు. జనం వేలితో ముట్టుకునే చోటు సాకెట్టే. పీసీబీలో రెండు గీతలూ పక్కపక్కనే, సమాన పొడవుతో, 90 ఓమ్ డిఫరెన్షియల్‌గా, కింద తెగని గ్రౌండ్‌తో వెళ్లాలి.

డీ ప్లస్, డీ మైనస్ తారుమారైతే గుర్తుపట్టడం తేలిక. ఫుల్ స్పీడ్ డివైస్ తన 1.5 కిలో ఓమ్ పుల్‌అప్‌ను డీ ప్లస్ మీద చూపిస్తుంది. తారుమారైతే అది డీ మైనస్ మీద కనబడి, హోస్ట్ దాన్ని లో స్పీడ్ డివైస్ అనుకుంటుంది. పెన్‌డ్రైవ్ ఎప్పుడూ లో స్పీడ్‌లో రాదు. డీబగ్గర్‌లో పోర్టు వేగం "లో" అని కనబడితే సోల్డరింగ్ ఐరన్ వేడి చేయండి.

డీబగ్ సందేశాలకు యూఎస్ఏఆర్‌టీ1 వాడకండి. డిస్కవరీలో పీఏ9 వీబస్‌కు, దాని కెపాసిటర్‌కు కలిసి ఉంది, సీరియల్ సిగ్నల్ అక్కడ బతకదు. యూఎస్ఏఆర్‌టీ2ను పీఏ2, పీఏ3 మీద పెట్టుకోండి.

క్లాక్

యూఎస్‌బీ భాగానికి 48 మెగాహెర్ట్జ్ కావాలి, హోస్ట్‌గా వాడేటప్పుడు తేడా 0.05 శాతం దాటకూడదు. చిప్ లోపలి 16 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ ఒక శాతం అటూ ఇటూ ఉంటుంది. ఒక్కోసారి బల్ల మీద దానితోనూ పని చేసినట్టే ఉంటుంది, చలి గదిలో పెట్టగానే ఆగిపోతుంది. క్రిస్టల్ తప్పనిసరి. డిస్కవరీలోని 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌కు పీఎల్‌ఎల్ (క్లాక్‌ను హెచ్చించే భాగం) విలువలు ఎం 8, ఎన్ 336, పీ 2, క్యూ 7. అంటే పీఎల్‌ఎల్ లోపలి వీసీఓ 336, సీపీయూ 168, యూఎస్‌బీ సరిగ్గా 48. పాత ప్రాజెక్టు నుంచి ఫైళ్లు తెచ్చుకుంటే హెచ్‌ఎస్‌ఈ (బయటి క్రిస్టల్) విలువ 25,000,000 అని ఉండిపోయిందేమో చూడండి. అది 8,000,000 కావాలి.

ఎస్‌టీ వారి కోడ్ తయారీ సాధనం క్యూబ్‌ఎంఎక్స్‌లో పెట్టాల్సినవి

1. ఆర్‌సీసీలో (క్లాక్ సెట్టింగుల భాగం) హెచ్‌ఎస్‌ఈని క్రిస్టల్‌గా పెట్టి, పై పీఎల్‌ఎల్ విలువలు ఇవ్వండి.
2. యూఎస్‌బీ ఓటీజీ ఎఫ్‌ఎస్‌ను "హోస్ట్ ఓన్లీ"గా పెట్టండి.
3. పీసీ0ను అవుట్‌పుట్‌గా, మొదటి స్థితి హైగా పెట్టండి. అంటే బోర్డు లేచినప్పుడు సాకెట్‌కు కరెంటు ఉండదు. యూఎస్‌బీ హోస్ట్ ప్లాట్‌ఫామ్ సెట్టింగుల్లో వీబస్ నడిపే పిన్నుగా దీన్నే చూపండి.
4. మిడిల్‌వేర్‌లో యూఎస్‌బీ హోస్ట్ క్లాస్‌ను మాస్ స్టోరేజ్‌గా, ఫ్యాట్‌ఎఫ్‌ఎస్‌ను "యూఎస్‌బీ డిస్క్"గా ఎంచుకోండి.
5. హీప్, స్టాక్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వాడుకునే ర్యామ్ భాగాలు) రెండూ హెక్సా 1000కి, అంటే 4 కిలోబైట్లకు పెంచండి.

అయిదోది మరిచిపోయేవాళ్లే ఎక్కువ. డీఫాల్ట్ స్టాక్ 1 కిలోబైట్. ఫ్యాట్‌ఎఫ్‌ఎస్‌లో పొడుగు పేర్ల బఫర్‌ను స్టాక్ మీద పెడితే అది ఒక్కటే 512 బైట్లు తింటుంది, ఎక్స్‌ఫ్యాట్ (పెద్ద డ్రైవ్‌ల ఫైల్ పద్ధతి) ఉంటే ఇంకో 608. ఇక ఫైల్ ఆబ్జెక్టును ఫంక్షన్ లోపల ప్రకటిస్తే, దానిలోని 512 బైట్ల సెక్టార్ బఫర్ కూడా అక్కడికే వస్తుంది. మొత్తం కలిస్తే స్టాక్ పొంగి పక్క వేరియబుళ్లను తొక్కుతుంది. హార్డ్‌ఫాల్ట్ (చిప్ తప్పు పట్టుకుని ఆగిపోవడం) వస్తే అదృష్టం. రాకపోతే ఉష్ణోగ్రత విలువలు వింతగా మారి, సెన్సార్ పాడైందనుకుని రోజులు గడిచిపోతాయి. ఫైల్‌సిస్టమ్ ఆబ్జెక్టు, ఫైల్ ఆబ్జెక్టు రెండింటినీ గ్లోబల్‌గా ప్రకటించండి.

తయారైన కోడ్‌లో వీబస్ నడిపే ఫంక్షన్ తెరిచి, ఏ స్థితికి పిన్ హై, దేనికి లో అన్నది మీ స్విచ్‌తో సరిపోల్చండి. సొంత బోర్డులో టీపీఎస్2051 పెట్టుకుంటే ఇది డిస్కవరీకి పూర్తిగా తిరగబడుతుంది.

హోస్ట్ లైబ్రరీని నడిపే యూఎస్‌బీహెచ్_ప్రాసెస్ ఫంక్షన్ మెయిన్ లూప్‌లో ఆగకుండా తిరుగుతుండాలి. అదే లూప్‌లో సెన్సార్ కోసం 500 మిల్లీసెకన్ల డిలే పెడితే డ్రైవ్ గుర్తింపు నత్తనడక నడుస్తుంది, ఒక్కోసారి మధ్యలోనే తెగిపోతుంది. యూజర్ కాల్‌బ్యాక్‌లో "క్లాస్ యాక్టివ్" వచ్చినప్పుడు ఒక జెండా మాత్రం ఎత్తండి. డ్రైవ్‌ను, ఫైలును తెరిచే ఎఫ్_మౌంట్, ఎఫ్_ఓపెన్ అక్కడ పిలవకండి. అది లైబ్రరీ తన పని మధ్యలో పిలిచే చోటు. ఫైలు పని మెయిన్ లూప్‌లో జెండా చూసి చేయండి. "డిస్కనెక్షన్" వచ్చినప్పుడూ అంతే, జెండా చాలు.

గుచ్చిన తర్వాత లోపల ఏం జరుగుతుంది

ఈ క్రమం తెలిస్తే డ్రైవ్ ఎక్కడ ఆగిందో చూసి కారణం చెప్పేయవచ్చు. హోస్ట్ పుల్‌అప్ చూసి 100 మిల్లీసెకన్లు ఆగుతుంది, గుచ్చేటప్పుడు కాంటాక్టులు చిటపటలాడతాయి కనుక. తర్వాత రీసెట్ ఇస్తుంది. డివైస్ డిస్క్రిప్టర్‌లో (డ్రైవ్ తన గురించి చెప్పుకునే పట్టిక) మొదటి 8 బైట్లు అడిగి, అడ్రస్ ఇచ్చి, మొత్తం 18 బైట్లు, ఆపైన కాన్ఫిగరేషన్ డిస్క్రిప్టర్ చదువుతుంది. అందులో క్లాస్ 08, సబ్‌క్లాస్ 06, ప్రోటోకాల్ హెక్సా 50 ఉంటే అది మనకు కావాల్సిన డ్రైవ్.

అక్కడి నుంచి మాటలు ఎస్‌సీఎస్‌ఐ అనే డిస్క్ ఆదేశాల భాషలో నడుస్తాయి. ప్రతి ఆదేశం 31 బైట్ల కవరులో వెళ్తుంది, తర్వాత డేటా, చివర 13 బైట్ల జవాబు. "మీరెవరు" అనడానికి హెక్సా 12, "సిద్ధమేనా" అనడానికి 00, "ఎంత పెద్ద" అనడానికి 25, చదవడానికి 28, రాయడానికి 2ఏ. సొంతంగా రాసుకునేవారు రెండు చోట్ల జాగ్రత్త పడాలి. 25కు జవాబుగా వచ్చేది సెక్టార్ల సంఖ్య కాదు, చివరి సెక్టార్ నంబరు. ఒకటి కలపాలి. రెండోది, "ఎన్ని లూనులు (డ్రైవ్ లోపలి డిస్క్‌లు) ఉన్నాయి" అన్న ప్రశ్నకు కొన్ని డ్రైవ్‌లు జవాబివ్వకుండా స్టాల్ చేస్తాయి, అంటే నిరాకరిస్తాయి. దాన్ని తప్పుగా తీసుకోకుండా "ఒక్కటే ఉంది" అని అర్థం చేసుకోవాలి.

"సిద్ధమేనా" అన్నదానికి మొదటిసారి "కాదు" అని రావడం మామూలే. అప్పుడు హెక్సా 03తో కారణం అడగాలి. సెన్స్ కీ 6 అంటే "ఇప్పుడే కరెంటు వచ్చింది, గమనించు" అని, 2 అంటే "ఇంకా లేవలేదు" అని. రెండింటికీ మందు ఒకటే, మళ్లీ అడగడం. 10 సెకన్ల దాకా ఓపిక పట్టండి. మూడుసార్లు అడిగి వదిలేసే కోడ్ కొత్త డ్రైవ్‌లతో బాగుంటుంది, పాత 2 జీబీ డ్రైవ్‌ల దగ్గర ఓడిపోతుంది. బల్క్ ఎండ్‌పాయింట్ (డేటా వెళ్లే దారి) స్టాల్ అయితే హాల్ట్ తీసేయడంతో పాటు ఆ వైపు డేటా టాగుల్‌ను (ప్యాకెట్ కొత్తదో పాతదో చెప్పే గుర్తు) సున్నాకు తేవాలి. అది మరిస్తే తర్వాతి ప్యాకెట్‌ను డ్రైవ్ పాతదనుకుని నిశ్శబ్దంగా పారేస్తుంది.

ఎస్‌టీ లైబ్రరీలో డీబగ్ లెవెల్ పెంచి సీరియల్‌లో చూడండి. "అటాచ్డ్" అన్న మాటే రాకపోతే కరెంటు, తీగలు. అది వచ్చి వీఐడీ, పీఐడీ (తయారీదారు, ఉత్పత్తి నంబర్లు) రాకపోతే క్లాక్. అవి వచ్చాక ఆగితే ఎస్‌సీఎస్‌ఐ. ఈ లైబ్రరీ హబ్‌లను నడపదు. లోపల హబ్ ఉన్న కార్డు రీడర్లు, పవర్డ్ హబ్‌లు ఇక్కడ పని చేయవు. ఆ సంగతి వాడకం పుస్తకంలో రాసేయండి.

ఫ్యాట్‌ఎఫ్‌ఎస్ సర్దుబాట్లు

చాన్ రాసిన ఫ్యాట్‌ఎఫ్‌ఎస్ ఏళ్లుగా నిలిచిన కోడ్. తప్పులు ఎక్కువగా దాని సెట్టింగుల్లోనే జరుగుతాయి.

ఫైలు పేరు తేదీతో పెడితే, ఉదాహరణకు 20250614, సరిగ్గా ఎనిమిది అక్షరాలు. పాత 8.3 పద్ధతిలో (పేరుకు 8, తోకకు 3 అక్షరాలు) ఇమిడిపోతుంది, పొడుగు పేర్లు అక్కర్లేదు, స్టాక్ మిగులుతుంది. తెలుగులో ఫైలు పేరు కావాలంటే పొడుగు పేర్లు తెరిచి, ఎఫ్ఎఫ్_ఎల్ఎఫ్ఎన్_యూనికోడ్‌ను 2 చేయండి, అంటే యూటీఎఫ్-8. అక్కడ ఒక్కో తెలుగు కోడ్‌పాయింటుకు 3 బైట్లు పడతాయి కనుక బఫర్లు ఆ లెక్కన ఉంచండి. సీఎస్‌వీ లోపల తెలుగు శీర్షికలు రాస్తే ఫైలు మొదట్లో హెక్సా ఈఎఫ్, బీబీ, బీఎఫ్ అనే మూడు బైట్లు పెట్టండి. అవి లేకపోతే ఎక్సెల్ ఆ వరుసను పిచ్చి గుర్తులుగా చూపించవచ్చు.

32 జీబీ దాటిన డ్రైవ్‌లు ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. దాన్ని చదవాలంటే పొడుగు పేర్లు కూడా తెరవక తప్పదు. మైక్రోసాఫ్ట్ 2019లో ఎక్స్‌ఫ్యాట్ నిర్దేశాన్ని బయటపెట్టింది కానీ, అమ్మే ఉత్పత్తిలో పెట్టే ముందు లైసెన్స్ సంగతి తేల్చుకోండి. పరికరంతో పాటు ఒక 16 జీబీ ఫ్యాట్32 డ్రైవ్ ఇచ్చేసి, ఎక్స్‌ఫ్యాట్ గుచ్చితే తెర మీద స్పష్టంగా చెప్పడం చాలా సందర్భాల్లో మేలైన దారి. మ్యాక్‌లో ఫార్మాట్ చేసిన డ్రైవ్ జీపీటీ అనే విభజన పట్టికతో రావచ్చు. దాన్ని చదవడానికి ఎఫ్ఎఫ్_ఎల్‌బీఏ64 సెట్టింగ్ తెరవాలి, దానికి ఎక్స్‌ఫ్యాట్ తోడు కావాలి.

ఫైల్‌సిస్టమ్ దొరకలేదని ఎఫ్_మౌంట్ చెబితే మీ అంతట మీరు ఫార్మాట్ చేయకండి. ఎప్పుడూ చేయకండి. ఆ డ్రైవ్‌లో ఎవరి పెళ్లి ఫొటోలు ఉన్నాయో మీ ఫర్మ్‌వేర్‌కు తెలియదు. మీకు అర్థం కాని ఫార్మాట్ అంటే ఖాళీ డ్రైవ్ అని కాదు.

ఎఫ్_గెట్‌ఫ్రీ విషయం కూడా చూసుకోవాలి. "ఎంత ఖాళీ ఉంది" అని అడగడం చిన్న పనిలా కనబడుతుంది. డ్రైవ్‌లో ఆ లెక్క సరిగా నమోదై లేకపోతే ఫ్యాట్‌ఎఫ్‌ఎస్ ఫ్యాట్ పట్టిక మొత్తం చదువుతుంది. 32 జీబీ డ్రైవ్, 16 కిలోబైట్ల క్లస్టర్లు అనుకుంటే సుమారు 19.5 లక్షల క్లస్టర్లు, ఒక్కోదానికి 4 బైట్లు, అంటే 7.8 మెగాబైట్ల పట్టిక. దాన్ని ఒక్కో సెక్టార్ చొప్పున 15 వేల సార్లకు పైగా అడగాలి. ఒక్కో అడుగుకు 2 మిల్లీసెకన్లు పట్టినా అర నిమిషం. తెర బిగుసుకుపోయిందనుకుని మనిషి డ్రైవ్ పీకేస్తాడు. ఆ ప్రశ్న అడగకండి. డిస్క్ నిండితే ఎఫ్_రైట్ కోరినదానికన్నా తక్కువ బైట్లు రాశానని చెబుతుంది, ఆ సంఖ్య చూస్తే చాలు.

పెన్‌డ్రైవ్ మీద నేరుగా లాగ్ రాయకండి

పెన్‌డ్రైవ్‌ను శాశ్వతంగా గుచ్చి ఉంచి, ప్రతి 10 సెకన్లకూ 60 బైట్లు రాసే పద్ధతి చాలా ప్రాజెక్టుల్లో కనబడుతుంది. అది పనికిరాదు. ఫైలు సైజు డైరెక్టరీలోకి ఎక్కేది ఎఫ్_సింక్ లేదా ఎఫ్_క్లోజ్ పిలిచినప్పుడే. పిలవకపోతే, కరెంటు పోయినప్పుడు రోజంతా రాసిన ఫైలు సున్నా బైట్లుగా కనబడుతుంది. పోనీ ప్రతి వరుసకూ సింక్ చేద్దామంటే రోజుకు 8,640 సార్లు అదే డైరెక్టరీ సెక్టార్ తిరగరాస్తారు. 60 బైట్ల కోసం డ్రైవ్ లోపల పెద్ద బ్లాకే చెరిగి మళ్లీ రాయబడుతుంది. చవక డ్రైవ్ ఎక్కువ కాలం ఓర్చుకోదు.

బోర్డు మీద ఒక ఎస్‌పీఐ ఫ్లాష్ పెట్టండి. డబ్ల్యూ25క్యూ64 అయితే 8 మెగాబైట్లు, మన లాగర్ లెక్కన 16 రోజుల డేటా. లాగ్ ఎప్పుడూ దానిలోకే వెళ్లాలి. పెన్‌డ్రైవ్ డేటాను మోసుకెళ్లే సంచి మాత్రమే. గుచ్చి బటన్ నొక్కగానే కాపీ, అయిపోగానే కరెంటు తీసేయడం. ఫుల్ స్పీడ్ 12 మెగాబిట్లలో బల్క్ డేటాకు సిద్ధాంతపరంగా దొరికేది సెకనుకు 12 లక్షల బైట్లు. నిజంగా దాంట్లో సగం వస్తుందనుకున్నా 8 మెగాబైట్లు 15 సెకన్లలోపే వెళ్లిపోతాయి. డ్రైవ్ గుచ్చి ఉండే సమయం తగ్గేకొద్దీ ప్రమాదాలు తగ్గుతాయి.

కాపీ క్రమం

1. వీబస్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచకుండా, బటన్ నొక్కినప్పుడు ఆన్ చేయండి. ఎల్‌ఈడీ మినుకుమనడం మొదలవ్వాలి.
2. ఎఫ్_మౌంట్‌ను వెంటనే మౌంట్ చేసే ఎంపిక 1తో పిలవండి. 0 ఇస్తే తప్పు తర్వాతెప్పుడో ఎఫ్_ఓపెన్ దగ్గర బయటపడుతుంది.
3. తాత్కాలిక పేరుతో, ఉదాహరణకు "కాపీ" అనే పేరు, "టీఎంపీ" అనే తోకతో, ఫైలు తెరవండి. అది ముందే ఉంటే మొన్న ఎవరో మధ్యలో పీకిన గుర్తు, దాని మీదే రాయండి.
4. 4 కిలోబైట్ల ముక్కల్లో రాయండి. 512 చొప్పున రాస్తే ప్రతిసారీ ఆదేశం, జవాబు తోడై వేగం బాగా పడిపోతుంది.
5. ఎఫ్_క్లోజ్ చేసి, మళ్లీ చదవడానికి తెరిచి, సీఆర్‌సీని (డేటా మారలేదని చూసే లెక్క) ఎస్‌పీఐ ఫ్లాష్‌లోని దానితో సరిచూడండి.
6. సరిపోతేనే ఎఫ్_రీనేమ్‌తో తేదీ పేరు పెట్టండి. ఆ పేరు ముందే ఉంటే రీనేమ్ కుదరదు, తేదీ అలాగే ఉంచి, తోకలో అంకె మార్చి ప్రయత్నించండి.
7. ఆ తర్వాతే ఎస్‌పీఐ ఫ్లాష్‌లో "ఇంతవరకు కాపీ అయింది" అని గుర్తు పెట్టండి.
8. అన్‌మౌంట్ చేసి, ఒక సెకను ఆగి, వీబస్ ఆపండి. ఎల్‌ఈడీ నిలకడగా వెలగాలి, అంటే "ఇక తీసుకోవచ్చు".

ఈ వరుసలో ఎక్కడ పీకినా నష్టం ఒక తాత్కాలిక ఫైలు మాత్రమే. తేదీ పేరుతో కనబడే ఫైలు ఉందంటే అది పూర్తిగా ఉన్నట్టే. ఎనిమిదిలోని ఆ ఒక సెకను తీసేయకండి. ఆఖరి జవాబు వచ్చాక కూడా డ్రైవ్ తన లోపలి సర్దుబాటు కొంత చేసుకుంటూ ఉండవచ్చు.

ఆగిపోయిన డ్రైవ్, వాచ్‌డాగ్

ఎస్‌టీ లైబ్రరీలో చదవడం, రాయడం పూర్తయ్యేదాకా అక్కడే తిరిగే ఫంక్షన్లు. వాటి గడువు సెక్టార్‌కు 10,000 మిల్లీసెకన్లు. 8 సెక్టార్లు ఒకేసారి రాస్తుంటే గడువు 80 సెకన్లు! ఎఫ్407లోని స్వతంత్ర వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ బిగుసుకుపోతే రీసెట్ చేసే టైమర్) గరిష్ఠంగా ఆగేది 32 సెకన్ల పైచిలుకు. కాబట్టి డ్రైవ్ మొరాయిస్తే లైబ్రరీ తప్పు చెప్పేలోపే వాచ్‌డాగ్ బోర్డును రీసెట్ చేస్తుంది, ఎందుకు రీసెట్ అయిందో ఎవరికీ తెలియదు. ఆ గడువును సెక్టార్ల సంఖ్యతో సంబంధం లేకుండా 5 సెకన్లకు కుదించండి. గడువు దాటితే వీబస్ ఆపి, ఒక సెకను తర్వాత ఆన్ చేసి, ఒక్కసారి మళ్లీ ప్రయత్నించండి. రెండోసారీ విఫలమైతే ఎర్ర దీపం.

డ్రైవ్ బిజీగా ఉన్నప్పుడు ప్రతి ప్యాకెట్‌కూ "ఇప్పుడు కాదు" అనే నాక్ పంపుతుంది. ఎఫ్407లోని ఫుల్ స్పీడ్ భాగానికి డీఎంఏ (సీపీయూ ప్రమేయం లేకుండా డేటా కదిలించే భాగం) లేదు, కాబట్టి ప్రతి నాక్‌కూ ఇంటరప్ట్ వచ్చి సీపీయూను ముంచెత్తుతుంది. సెన్సార్ చదివే టైమర్ ఇంటరప్ట్‌కు యూఎస్‌బీ కన్నా ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వండి. లేకపోతే కాపీ జరిగే పదిహేను సెకన్లలో కొలతలు తప్పిపోతాయి. హై స్పీడ్ భాగాన్ని డీఎంఏతో వాడేవారు బఫర్లను సీసీఎం ర్యామ్‌లో, అంటే హెక్సా 10000000 దగ్గరి 64 కిలోబైట్లలో పెట్టకూడదు. డీఎంఏకు అక్కడికి దారి లేదు. బఫర్ 4 బైట్ల హద్దు మీద ఉండాలి కూడా.

పరీక్షలు

డ్రైవ్‌లు కనీసం ఆరు రకాలు సేకరించండి. పాత 2 జీబీది ఒకటి, 16 జీబీ యూఎస్‌బీ 2.0, 32 జీబీ యూఎస్‌బీ 3.0, ఎక్స్‌ఫ్యాట్‌లో ఉన్న 64 జీబీ, జీపీటీతో ఫార్మాట్ చేసినది, మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టే అడాప్టర్. ఒక్కోదాన్ని 50 సార్లు గుచ్చి పీకండి. నెమ్మదిగా, వంకరగా గుచ్చడం కూడా అందులో ఉండాలి, కాంటాక్టుల చిటపట అప్పుడే బయటపడుతుంది.

తర్వాత కాపీ మధ్యలో పీకండి. 1వ సెకనులో, 5వ సెకనులో, సీఆర్‌సీ చూస్తున్నప్పుడు, రీనేమ్ చేస్తున్న క్షణంలో. రీనేమ్ క్షణాన్ని చేత్తో పట్టలేరు, కనుక పరీక్ష ఫర్మ్‌వేర్‌లో సరిగ్గా అక్కడే పీసీ0తో వీబస్ కోయించండి. ప్రతిసారీ రెండు ప్రశ్నలు: ఆ డ్రైవ్‌ను ల్యాప్‌టాప్‌లో పెడితే తేదీ పేరుతో సగం ఫైలు కనబడుతోందా? బోర్డు రీసెట్ లేకుండానే అదే డ్రైవ్‌ను మళ్లీ తీసుకుంటోందా? మొదటిదానికి "కాదు", రెండోదానికి "అవును" రావాలి.

చివరగా అసలు చోటి పరిస్థితి. బోర్డును ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచి, బయటికి తీయకుండానే, బయటి గది వేడికి అలవాటుపడిన డ్రైవ్ గుచ్చి కాపీ చేయించండి. కోల్డ్ స్టోరేజీలోకి జేబులో డ్రైవ్ పెట్టుకుని వచ్చే మనిషి చేసేది అదే. బయటి వెచ్చటి గాలి తగిలితే చల్లటి సాకెట్ మీద తేమ పడవచ్చు. వీబస్ పిన్ను, గ్రౌండ్ పిన్ను మధ్య ఆ తేమ చేరి కరెంటు మితిమీరితే స్విచ్ కరెంటు పరిమితిలోకి వెళ్లి, పీడీ5 లో అయి, ఫర్మ్‌వేర్ దాన్ని చూసి కరెంటు ఆపి, "సాకెట్ తుడిచి మళ్లీ పెట్టండి" అని తెర మీద చూపించాలి.